ఇంటి వాడకానికి అందుబాటు ధరలో ల్యాప్‌టాప్: అనంతపురం కుటుంబాలు కొనే ముందు చూడవలసినవి

ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు ఈఏపీసెట్ కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవలసి వచ్చినప్పుడో, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురితో నలుగురూ కూర్చుని మాట్లాడడానికి ఫోన్ తెర చాలనప్పుడో మన ఇళ్లలో ల్యాప్‌టాప్ ప్రస్తావన వస్తుంది. అది వచ్చిన వారంలోపే కొనుగోలు కూడా జరిగిపోతుంది. దుకాణంలో చూపించిన రెండు మూడింటిలో రంగు నచ్చినదాన్నో, ‘ఐ5’ అని స్టిక్కరు ఉన్నదాన్నో తెచ్చుకుంటారు. ఇంటి వాడకానికి కొన్న ల్యాప్‌టాప్ అయిదారేళ్లు చికాకు పెట్టకుండా పనిచేయాలంటే డబ్బును మొదట ర్యామ్‌కు (తెరిచి ఉన్న పనులను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ), ఎస్‌ఎస్‌డికి (ఫైళ్లు దాచే వేగమైన నిల్వ), తెరకు, ఊళ్లోనే దొరికే సర్వీసుకు కేటాయించాలనీ, మిగిలినదాన్ని బట్టే యంత్రానికి మెదడు వంటి ప్రాసెసర్ సంగతి ఆలోచించాలనీ నా గట్టి అభిప్రాయం.

కొనే ముందు ఇంట్లో ఎవరెవరు దేనికి వాడతారో ఒక కాగితం మీద రాసుకోండి. మీభూమి నుంచి అడంగల్, 1బి తీసుకోవడం, డిజిలాకర్ నుంచి ధ్రువపత్రాలు దింపుకోవడం, ఆదాయపు పన్ను రిటర్ను వేయడం, పిల్లల ఆన్‌లైన్ తరగతులు, ఎక్సెల్‌లో ఇంటి లెక్కలు, ఫోటోలు దాచుకోవడం, వీడియోలు చూడడం వంటి పనులకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. ‘గేమింగ్’ పేరుతో అమ్మే యంత్రాలు బరువెక్కువ, వేడెక్కువ, బ్యాటరీ తక్కువ సేపు నిలుస్తుంది. జేఎన్‌టీయూలో సివిల్, మెకానికల్ చదువుతూ త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ నడపవలసిన విద్యార్థి అవసరం వేరు. ఆ కొనుగోలును ఇంటి కొనుగోలుతో కలిపితే రెండూ చెడతాయి.

ర్యామ్ విషయంలో 8 జీబీకి తగ్గవద్దు, వీలైతే 16 జీబీ తీసుకోండి. విండోస్ 11 ఇన్‌స్టాల్ కావడానికి కనీసం 4 జీబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. అయితే ఆ 4 జీబీతో యంత్రం తెరుచుకుంటుందే తప్ప, ఒక పక్క జూమ్ తరగతి, మరో పక్క క్రోమ్‌లో నాలుగైదు ట్యాబులు తెరిచేసరికి మౌస్ కదలడానికే మొరాయిస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ ర్యామ్‌ను తర్వాత పెంచుకోగలమా లేదా అన్నది. చవక ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ చిప్పులను మదర్‌బోర్డు మీదనే అతికించేస్తున్నారు. అలాంటిది 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. దీన్ని దుకాణంలోనే అరనిమిషంలో తేల్చుకోవచ్చు. ప్రదర్శనలో ఉంచిన ల్యాప్‌టాప్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడింటినీ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ భాగంలోకి వెళ్లి మెమరీ మీద నొక్కండి. కింద ‘స్లాట్స్ యూజ్డ్’ అన్నచోట ‘1 ఆఫ్ 2’ అని ఉంటే సాధారణంగా ఇంకొక ర్యామ్ వేసుకునే చోటు ఖాళీగా ఉన్నట్టు. ‘ఫామ్ ఫ్యాక్టర్’ అన్నచోట ‘రో ఆఫ్ చిప్స్’ అని కనిపిస్తే చిప్పులు బోర్డుకు అతికించినవని అర్థం. అది చూసిన తర్వాత అదే మోడల్ వివరాలను కంపెనీ వెబ్‌సైటులో మరొకసారి సరిచూసుకుంటే సందేహం ఉండదు.

నిల్వ కోసం ఎస్‌ఎస్‌డి ఉన్నదే కొనాలి. పాత రకం హార్డ్ డిస్కుతో నడిచే ల్యాప్‌టాప్ ఎంత చవకగా వచ్చినా వద్దు. అన్నిటికంటే తక్కువ ధర మోడళ్లలో 64 జీబీ లేక 128 జీబీ ‘ఈఎంఎంసీ’ అని రాసి ఉంటుంది. అదొక చవక రకం నిల్వ చిప్పు, ఎస్‌ఎస్‌డికన్నా బాగా నిదానం. పైగా 64 జీబీలో విండోస్, దాని అప్‌డేట్లు పోగా మీ ఫోటోలకు చోటు మిగలదు. ఇంటిల్లిపాదీ వాడే యంత్రానికి 512 జీబీ సరిపోతుంది. ఇంటికి తెచ్చి చూస్తే అది 476 జీబీ అనే కనిపిస్తుంది. కంపెనీ లెక్కించే పద్ధతికీ, విండోస్ లెక్కించే పద్ధతికీ ఉన్న తేడా వల్ల అలా చూపిస్తుందే గాని అందులో మోసం లేదు.

ఇక ప్రాసెసర్. ఇక్కడే కొనేవారు ఎక్కువగా పొరబడతారు, ఎందుకంటే స్టిక్కరు మీద సగం పేరే ఉంటుంది. పూర్తి నంబరు అడిగి రాయించుకోండి. ఇంటెల్ కంపెనీ చిప్పులలో ఐ3-1215యు అన్నదానికి ఆరు కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఉన్నాయి, ఇంటి పనులన్నిటికీ అది హాయిగా సరిపోతుంది. అదే ఇంటెల్‌లో సెలెరాన్ ఎన్4020 అన్నదానికి ఉన్నవి రెండే కోర్లు, అది కొత్తదైనా కొనదగినది కాదు. 2023 నుంచి ఇంటెల్ తన ల్యాప్‌టాప్ చిప్పులకు సెలెరాన్, పెంటియమ్ పేర్లు తీసేసి ‘ఇంటెల్ ప్రాసెసర్’ అని మాత్రమే రాస్తోంది. కనుక స్టిక్కరు మీద సెలెరాన్ అని లేనంత మాత్రాన మంచి రకమని అనుకోవద్దు. ఎన్100 వంటి నాలుగు కోర్ల చిప్పు కేవలం బ్రౌజింగుకు, టైపింగుకు పరవాలేదు, అంతకుమించి ఆశించకూడదు.

ఏఎండీ అనే ఇంకొక కంపెనీ చిప్పులలో ఒక్క అంకె తేడాతో చాలా మారిపోతుంది. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు రెండింటి మీదా ఉండేది ఒకే స్టిక్కరు. మొదటిది 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్ మీద తయారైన నాలుగు కోర్ల చిప్పు. రెండవది జెన్ 3 డిజైన్, ఆరు కోర్లు. ఏఎండీ 7000 శ్రేణి ల్యాప్‌టాప్ చిప్పులలో నంబరులోని మూడవ అంకె ఏ తరం డిజైనో చెబుతుంది, 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. ఇంకొక సంగతి, 7520యు, దాని తమ్ముడు 7320యు రెండూ ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్‌తోనే పనిచేస్తాయి, ఆ రకం బోర్డుకు అతికించి వస్తుంది. అందుచేత ఆ చిప్పులున్న ల్యాప్‌టాప్ కొనదలిస్తే మొదటే 16 జీబీ ఉన్నది తీసుకోవాలి, లేకపోతే వదిలేయాలి. 8 జీబీతో ఐ5 ఒక పక్క, 16 జీబీతో ఐ3 మరో పక్క అదే ధరకు ఉంటే ఇంటి వాడకానికి నేను రెండో మాట లేకుండా ఐ3నే తీసుకోమంటాను.

తెర ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080 ఉండాలి. 1366×768 తెర మీద తెలుగు అక్షరాల వత్తులు, గుణింతాలు చిన్న సైజులో స్పష్టంగా కనిపించవు, పెద్దవాళ్లు కళ్లు చికిలించుకుని చదవవలసి వస్తుంది. ఐపీఎస్ రకం తెర అయితే ఏ పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. దుకాణంలో ల్యాప్‌టాప్ మూతను కాస్త వెనక్కి వంచి, పక్కకు జరిగి చూడండి. బొమ్మ నల్లబడినా వెలిసినట్టు కనిపించినా అది మంచి తెర కాదు. మెరిసే అద్దం లాంటి తెరకన్నా మెరుపు లేని తెర మన ఇళ్ల వరండాలకూ, కిటికీ వెలుతురుకూ తగినది.

మన ఊరి ఎండ, దుమ్ము, కరెంటు గురించి ఏ ప్రకటనలోనూ రాయరు, అయితే ల్యాప్‌టాప్ ఆయుష్షు చాలావరకు వాటిమీదే ఆధారపడి ఉంటుంది. చాలా కంపెనీలు తమ యంత్రాలను 35 డిగ్రీలకు మించని వేడిలో వాడమని పుస్తకంలో రాస్తాయి. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల కప్పున్న గదిలోనైతే మధ్యాహ్నం ఇంకా ఎక్కువ. ఆ వేడికి లిథియం బ్యాటరీ త్వరగా సత్తువ కోల్పోతుంది. మధ్యాహ్నపు పనిని వీలైనంతవరకు ఫ్యాను కింద, గట్టి బల్ల మీద పెట్టుకుని చేయండి. పరుపు మీద, దిండు మీద పెడితే అడుగున గాలి పీల్చుకునే కంతలు మూసుకుపోతాయి. ఎప్పుడూ ఛార్జరుకు తగిలించే వాడేవారు కంపెనీ యాప్‌లో బ్యాటరీ ఛార్జింగును 80 శాతం వద్ద ఆపే సౌకర్యం ఉందేమో చూసి దాన్ని పెట్టుకోవాలి. ఆషాఢ శ్రావణాల్లో వీచే గాలికి మన ఎర్రదుమ్ము ఎక్కడికైనా చేరుతుంది. అది ఫ్యాను రెక్కలమీద పేరుకుంటే యంత్రం హోరెత్తుతుంది, నిదానిస్తుంది. ఏడాదికొకసారి తెలిసినవారిచేత శుభ్రం చేయించడం మంచిది.

కరెంటు పోయినా ల్యాప్‌టాప్ ఆగదు, డెస్క్‌టాప్‌కన్నా దీన్ని ఎంచుకోవడానికి అదొక మంచి కారణం. అయితే వైఫై రూటర్ ఆగిపోతుంది కాబట్టి ఆన్‌లైన్ తరగతి కూడా ఆగుతుంది. రూటర్‌కు సరిపోయే చిన్న యూపీఎస్ ఒకటి తెచ్చుకుంటే ఆ చిక్కు తీరుతుంది. అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి కనుక తక్కువ వోల్టేజికి విడిగా స్టెబిలైజరు అవసరం పడదు. ఎర్తింగ్ మాత్రం సరిగా ఉండాలి. పాత ఇళ్లలో మూడు కన్నాల ప్లగ్గు ఉన్నా ఎర్త్ తీగ ఎక్కడికీ కలిసి ఉండదు. అప్పుడు ఛార్జింగులో ఉన్న లోహపు ల్యాప్‌టాప్ అంచున మణికట్టు ఆనితే సన్నగా జివ్వుమంటుంది. అడాప్టరు నుంచి లీకయ్యే స్వల్ప విద్యుత్తు పోవడానికి దారి లేకపోవడమే దానికి కారణం. ల్యాప్‌టాప్‌ను తప్పుపట్టి దుకాణానికి మోసుకెళ్లే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ చూపించండి.

ధరలో విండోస్ కలిసి ఉందో లేదో అడగండి. ‘డాస్’ అని రాసి ఉంటే విండోస్ లేదని అర్థం, దానికి విడిగా వేలల్లో ఖర్చవుతుంది. ఆఫీసు సాఫ్ట్‌వేర్ శాశ్వత లైసెన్సా, కొన్నాళ్ల ట్రయలా అన్నదీ తేల్చుకోవాలి. ట్రయల్ అయినా బెంగపడనక్కరలేదు, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌తో ఇంటి ఉత్తరాలు, లెక్కలు చక్కగా సాగుతాయి. తెలుగు టైపింగు కోసం ఏమీ కొనక్కరలేదు. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎన్నో ఏళ్లుగా ఉంది, ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో భాషల జాబితాకు తెలుగు చేర్చుకుంటే చాలు.

బెంగళూరు మనకు 200 కిలోమీటర్లకు కాస్త పైన కనుక, ఎస్.పి. రోడ్డులో కంపెనీలు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు చవకగా వస్తాయని వెళ్లేవారు చాలామంది. ఆఫీసుల కోసం తయారైన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటివి గట్టివే, వాటిని కొనవద్దని నేననను. కాని విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి పైవే పనికొస్తాయి. ఐ5-8250యు అన్న నంబరులో గీత తర్వాతి మొదటి అంకె 8, అదే తరం. ఐ5-6300యు, ఐ5-7200యు అని ఉంటే ఎంత తళతళలాడుతున్నా వదిలేయండి. అమ్మేవారిచేత బ్యాటరీ రిపోర్టు తీయించి, డిజైన్ కెపాసిటీతో (కొత్తప్పటి సామర్థ్యం) ఇప్పటి ఫుల్ ఛార్జ్ కెపాసిటీని పోల్చండి. సగానికి దిగిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా కలుపుకుని బేరమాడండి.

కొత్తది ఎక్కడ కొన్నా, ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మీ పిన్‌కోడు చెప్పండి. 515001కి ఇంటికి వచ్చి మరమ్మతు చేస్తారా, ఊళ్లో అధీకృత కేంద్రం ఉందా, లేక కర్నూలుకో బెంగళూరుకో పంపాలా అని అడగండి. రెండు మోడళ్లు సమానంగా తోస్తే ఈ జవాబును బట్టే నిర్ణయించుకోండి. మదర్‌బోర్డు పోయిన ల్యాప్‌టాప్‌ను పట్టుకుని బస్సెక్కి తిరగడానికయ్యే ఖర్చు, దుకాణంలో తగ్గించుకున్న వెయ్యి రూపాయలను సులువుగా మింగేస్తుంది. సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల దుకాణదారు చెప్పే ధర ఆన్‌లైన్ ధరకన్నా కాస్త ఎక్కువగా ఉన్నా, తెర చూసుకుని, కీబోర్డు మీద వేళ్లు ఆడించి, నమ్మకమైన మనిషి దగ్గర కొనుక్కోవడంలో విలువ ఉంది. ఆన్‌లైన్‌లో ‘నో కాస్ట్ ఈఎంఐ’ తీసుకుంటే వడ్డీని ముందే తగ్గింపుగా ఇచ్చినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, కొన్ని బ్యాంకుల ప్రాసెసింగ్ రుసుము మీరే కట్టాలి.

జీఎస్‌టీ బిల్లు లేకుండా ధర తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించి, దాన్ని ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరుతో పోల్చి, ఇంటికి రాగానే కంపెనీ వెబ్‌సైటులో వారంటీ ఏ తేదీనుంచి మొదలైందో చూడండి. మీరు కొనకముందటి తేదీ కనిపిస్తే బిల్లు చూపించి సరిదిద్దించుకోవాలి. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటాయి. ఎప్పుడైనా కొత్త ఛార్జరు కొనవలసి వస్తే అవి ఉన్నదే తీసుకోండి. వాపసు గడువు ముగిసేలోగా కెమెరా, మైకు, స్పీకర్లు, అన్ని యూఎస్‌బీ కంతలు, టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ ఒక్కొక్కటిగా వాడి చూడాలి. లోపం ఉన్నా అమ్మినవారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల రూపాయల లోపు విలువైన ఫిర్యాదుకు అక్కడ రుసుము లేదు.