కంపెనీ దివాలా తీస్తే జీతం బకాయి క్లెయిమ్ చేసేదెలా?

కంపెనీ మీద దివాలా కేసు ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీ కేసులు చూసే ట్రిబ్యునల్) అడ్మిట్ అయిందని తెలిశాక, "హెచ్‌ఆర్ వాళ్లే ఏదో చెప్తారులే" అని కూర్చోకండి. కంపెనీ పగ్గాలు ఇంటరిమ్ రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా ప్రక్రియ నడపడానికి ట్రిబ్యునల్ నియమించే వ్యక్తి) చేతికి వెళ్లిపోతాయి, మీరు అడగాల్సింది ఆయన్నే.

ముందు ఆయన ఇచ్చిన పబ్లిక్ ప్రకటన పట్టుకోండి. పేపర్లో మిస్సయినా దివాలా వ్యవహారాల నియంత్రణ సంస్థ ఐబీబీఐ వెబ్‌సైట్లో దొరుకుతుంది. క్లెయిమ్‌కి చివరి తేదీ అందులోనే ఉంటుంది, అది ఆయన నియామకం నుంచి 14 రోజులే. దాటిపోయిందా? టెన్షన్ పడకండి, ప్రక్రియ మొదలైన రోజు (అంటే కేసు అడ్మిట్ అయిన రోజు) నుంచి 90 రోజులు, లేదా రిజల్యూషన్ ప్లాన్లు (కంపెనీని గట్టెక్కించే ప్రతిపాదనలు) పిలిచే తేదీ, రెండిట్లో ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ఇవ్వొచ్చు. ఆపైన ఇవ్వాలంటే ఆలస్యానికి కారణం చెప్పుకోవాలి, దాన్ని ట్రిబ్యునల్ మన్నించాలి. అంతదాకా తెచ్చుకోవద్దు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది: మీరు ఏ కోవలోకి వస్తారు? జీతం మీద పనిచేసినవాళ్లు ఫారం డి ఇవ్వాలి. కన్సల్టెంట్‌గా ఇన్‌వాయిస్ పెట్టినవాళ్లు మామూలుగా ఫారం బి. రోజూ ఆఫీసుకే వెళ్లినా కాగితాల మీద మీరు కన్సల్టెంట్ అయితే గొడవ తప్పదు, కాబట్టి టీడీఎస్ జీతం కింద కట్ చేశారా, ప్రొఫెషనల్ ఫీజు కిందా అన్నది ఇప్పుడే చూసుకోండి. ఉద్యోగుల్లో కూడా చట్టం ప్రకారం వర్క్‌మన్ (శారీరక, సాంకేతిక, క్లరికల్ లాంటి పనులు చేసేవాళ్లు) వేరు, మిగతావాళ్లు వేరు. అక్కడ హోదా పేరు కాదు, చేసిన పని ముఖ్యం. కంపెనీ లిక్విడేషన్‌కి వెళ్తే, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దశ వస్తే, ఈ తేడా డబ్బుల్లో కనిపిస్తుంది: వర్క్‌మన్‌కి 24 నెలల బకాయి, సెక్యూర్డ్ (తాకట్టు ఉన్న) అప్పులవాళ్లతో సమానంగా, మిగతా ఉద్యోగులకి 12 నెలలే, అదీ వాళ్ల తర్వాత. పీఎఫ్, గ్రాట్యుటీ, పెన్షన్ ఫండ్లలో ఉన్న సొమ్ము మాత్రం ఈ పంపకంలోకి రాదు.

ఆఫర్ లెటర్, పే స్లిప్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, బకాయి అడిగిన మెయిల్స్ అన్నీ జతచేయండి. ఆఫీసు మెయిల్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం, మీకు రావలసిన కాగితాలు ఈరోజే దించుకోండి. ప్రక్రియ మొదలైన తేదీకి ముందు బకాయినే ఫారంలో రాయాలి. ఆ తేదీ తర్వాత కంపెనీ నడుస్తుండగా మీరు నిజంగా పనిచేసి ఉంటే ఆ జీతం ప్రక్రియ ఖర్చు కిందికి వస్తుంది, మామూలు బకాయిల కంటే ముందు చెల్లించాలి. అందుకే రెండిటినీ కలిపి ఒకే అంకె వేయొద్దు, చాలామంది చేసే తప్పు ఇదే.

లేబర్ కోర్టులో ఇప్పటికే కేసు ఉంటే మారటోరియం (దివాలా ప్రక్రియ నడిచేటప్పుడు కంపెనీ మీద కేసులకు వేసే బ్రేక్) వల్ల అది ఆగుతుంది. అయినా ఫారం మాత్రం పంపాల్సిందే.

మెయిల్లో పంపితే అందినట్టు జవాబు తీసుకోండి. తర్వాత రుణదాతల జాబితా బయటపెడతారు, అందులో మీ పేరు పక్కన ఎంత ఒప్పుకున్నారో చూసుకోండి. తగ్గించేస్తే ముందు ఆయనకే రాతపూర్వకంగా అడిగి, కుదరకపోతే ఎన్‌సీఎల్‌టీకి వెళ్లండి.