దుగ్గిరాల పసుపు కళ్లాలకు ఒక పూట

విజయవాడ నుంచి తెనాలి వెళ్లే దారిలోని దుగ్గిరాల పరిసర గ్రామాలను ఒక్కరోజులో పిల్లలతో చూసి రావాలనుకునేవారు ఫిబ్రవరి, మార్చి నెలలను ఎంచుకోవడం మంచిది. తవ్విన పసుపు కొమ్ములను ఉడకబెట్టడం, కళ్లాల్లో ఆరబోయడం, పాలిష్ పట్టడం సాధారణంగా ఆ రోజుల్లోనే సాగుతాయి. ఉడికిన కొమ్ములు ఎండటానికి పది, పదిహేను రోజులు పడుతుంది కాబట్టి, ఒకే ఊరిలో పచ్చి కొమ్ము నుంచి మెరిసే కొమ్ము దాకా అన్ని దశలూ చూడగలగడం ఈ ప్రయాణంలోని అసలు ఆకర్షణ అని నా అభిప్రాయం.

ఉదయం ఏడు గంటలకల్లా చేరుకుని, కళ్లంలో ఉన్న రైతును ముందుగా అనుమతి అడిగి, ఆరబోసిన సరుకును తొక్కకుండా గట్టు వెంట నడవండి. కొనదలచుకుంటే ఒక కొమ్మును విరిచి చూడండి: బాగా ఎండినదైతే టప్పున విరుగుతుంది, లోపల ముదురు నారింజ రంగు కనిపిస్తుంది, వంగితే ఇంకా తేమ ఉన్నట్లే.

గుంటూరు వైపు మిరప కళ్లాలకూ వెళ్లేవారు గలగలలాడే కాయలనే తీసుకుని, తెల్లబారిన తాలు కాయలను వేరు చేయించుకోవాలి. అక్కడ ఘాటు గాలిలోనే ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారిని దూరంగా ఉంచండి, పిల్లలు చేతులు కడుక్కునేదాకా కళ్లు నలుపుకోకుండా చూడండి. మంచినీళ్లు, టోపీలు, సరుకుకు ఒక గుడ్డసంచి వెంట తీసుకువెళ్లండి.