బ్రష్ కట్టర్ స్టార్ట్ కావట్లేదా? ముందు క్యాన్ అడుగున ఏముందో చూడండి

తొలకరి పడగానే మూలన పడున్న బ్రష్ కట్టర్లు, పవర్ వీడర్లు, తైవాన్ స్ప్రేయర్లు ఒక్కసారిగా బయటికొస్తాయి. తాడు లాగి లాగి భుజం పట్టేశాక మా రిపేరు షాపుకు తెస్తారు. చాలావాటిలో ఇంజనుకు ఏ జబ్బూ ఉండదు, కిందటి సీజన్లో మిగిలిన పెట్రోలే జబ్బు. ప్లగ్ విప్పడం, ఫిల్టర్ మార్చడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

చోక్ వేస్తే అంటుకుంటుంది, తీయగానే ఆగిపోతుంది

కార్బరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, అంటే జెట్టు, పూడుకుపోయింది. ట్యాంకులో వదిలేసిన పెట్రోల్ నెలల తరబడి ఆవిరైపోయి, కార్బరేటర్‌లో జిగురు మిగులుతుంది. కార్బరేటర్ స్ప్రే కొట్టి కాసేపు నాననిచ్చి గాలి పట్టండి. జెట్టులోకి ఇనుప తీగ దూర్చకండి. రంధ్రం ఒక్కసారి పెద్దదైతే ఆ కార్బరేటర్ ఇక సెట్టింగుకు రాదు.

రేసు ముట్టుకోకపోయినా శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది

పెట్రోల్ పైపు వేళ్లతో వంచి చూడండి. బిరుసెక్కి చీలిక కనిపిస్తే అక్కడ గాలి లాగుతోంది. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపి వస్తోంది, పాత మిషన్ల రబ్బరు దానికి తట్టుకునే రకం కాదు. పైపు మార్చేయండి, టేపు చుట్టి నెట్టుకురావద్దు.

కార్బరేటర్ కడిగించినా రెండు రోజులకే మళ్లీ మొదటికొచ్చింది

అసలు చెప్పాల్సింది ఇక్కడుంది. ఇలా తెచ్చినవాళ్లను నేను మొదట అడిగేది ఒక్కటే: "కడిగించాక ఏ పెట్రోల్ పోశారు?" ఇంట్లో క్యాన్‌లో ఉన్నదే పోశామంటారు. అంటే జబ్బు పోగొట్టి, జబ్బు తెచ్చినదాన్నే మళ్లీ పోశారన్నమాట.

2022లో మన బంకుల పెట్రోల్‌లో ఇథనాల్ 10 శాతానికి చేరింది, 2025 నాటికి 20 శాతమైంది. ఇథనాల్‌కు నీళ్లంటే ప్రాణం. కొంత వరకు నీటిని తనలో కలుపుకుని పెట్రోల్‌లోనే ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. ఆ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్‌ను వదిలేసి అడుగుకు దిగిపోతాయి. లీటరుకు రెండు మూడు టీస్పూన్ల నీళ్లు చాలు. కానీ అడుగున చేరేది ఆ కాస్త నీళ్లే కాదు, ఇథనాల్‌ను కూడా వెంటబెట్టుకుని దిగుతాయి కాబట్టి దానికి ఎన్నో రెట్లుంటుంది. పైగా చల్లబడేకొద్దీ నీటిని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. పగలు ఒకటిగా ఉన్న పెట్రోల్ వానాకాలం రాత్రి విడిపోవచ్చు.

నీళ్లు ఎక్కడివంటే, గాలిలో తేమ ఒక్కటే కారణం కాదు. వాచరు పోయిన మూత, రేకుల షెడ్డులో కారే చుక్కలు, కడిగి ఆరబెట్టని గరాటు, మిషన్‌ను పైపు పెట్టి కడగడం, వీటితోనే ఎక్కువ చేరుతుంది. సగం ఖాళీగా ఉన్న క్యాన్‌లో లోపలి తేమ కూడా తోడవుతుంది.

"ఇదే పెట్రోల్‌తో మొన్నటిదాకా బాగానే నడిచింది కదా" అంటారు. నిజమే, అక్కడే మోసపోతారు. క్యాన్ వంచినప్పుడు ముందు వచ్చేది పై పొర. వాసన పెట్రోల్‌దే, మిషనూ నడుస్తుంది. ఇథనాల్ పోయిన ఆ పై పొరకు ఆక్టేన్, అంటే ఇంజను కొట్టుకోకుండా మండే గుణం, తగ్గి లోడు మీద ఇంజను కాస్త కొట్టుకున్నా ఎవరూ పట్టించుకోరు. క్యాన్ అడుగంటేసరికి నీళ్ల పొర ట్యాంకులో పడుతుంది. ట్యాంకులో ఫిల్టర్ ఉండేది అడుగునే, అది ముందు తాగేది ఆ నీళ్లనే.

పెట్రోల్‌లోనే 2టి ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ మిషన్లకు ఇది ప్రాణం మీదికి వస్తుంది. ఆయిల్ పైనున్న పెట్రోల్‌తోనే ఉండిపోతుంది, కింది పొరలోకి దిగదు. లీటరుకు 40 మి.లీ. చొప్పున 25:1 కొలిచి కలిపినా పిస్టన్‌కు అందేది ఆయిల్ లేని నీళ్ల ఇథనాలే. దాంతో కాసేపు ఈడ్చుకుంటూ నడుస్తుంది, లోడు పడగానే వేడెక్కి పిస్టన్ సిలిండర్ బోరుకు పట్టేస్తుంది. ఆపైన ఖర్చు బోరు కిట్టుది.

పరీక్షకు మీ చేతిపని పది నిమిషాలు పట్టదు. క్యాన్‌ను రాత్రంతా కదపకుండా ఒక మూలకు వాలేలా పెట్టండి. పొద్దున్నే ఆరుబయట, బీడీ సిగరెట్ దగ్గర లేకుండా, చేతి పంపుతో ఆ మూల అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీయండి. నోటితో పీల్చకండి. సీసాను వెలుతురుకు పట్టి చూడండి. విడిపోయి ఉంటే పైన పెట్రోల్ (ఆయిల్ కలిపినదైతే ఆయిల్ రంగులో), కింద వేరే రంగులో ఇంకో పొర, మధ్యలో స్పష్టమైన గీత కనిపిస్తుంది. ట్యాంకులోది కూడా మొత్తం వంపి ఇలాగే చూడండి.

గీత కనిపిస్తే ఆ పెట్రోల్ పని అయిపోయింది. బాగా ఊపితే తెల్లగా కలిసినట్టు కనిపించి ట్యాంకులో మళ్లీ విడిపోతుంది. కొత్త పెట్రోల్ కలిపినా, పై పొర వంపుకున్నా, సీసాల్లో అమ్మే మందులు పోసినా బాగుపడదు.

ట్యాంకు ఖాళీ చేసి, కాస్త కొత్త పెట్రోల్ పోసి గిలకొట్టి, దాన్నీ ఆ విడిపోయిన పెట్రోల్‌లోకే వంపేయండి. ఫిల్టర్ మార్చండి, లోపలి దూది నీళ్లు పట్టి ఉంచుతుంది. రబ్బరు బుడగ నొక్కుతూ పైపుల్లోది బయటికి తోయండి. గిన్నె ఉన్న కార్బరేటర్ అయితే విప్పి అడుగున తెల్లటి పొడి గీకేయండి. టూ స్ట్రోక్ అయితే ప్లగ్ తీసి నాలుగు చుక్కల ఆయిల్ వేసి, తాడు మెల్లగా లాగి అప్పుడు బిగించండి. క్యాన్‌ను కూడా కడిగి పూర్తిగా ఆరబెట్టకుండా మళ్లీ నింపకండి.

ఇకమీదట నెలలో అయిపోయేంతే తెచ్చుకోండి, తెచ్చిన తేదీ క్యాన్ మీద మార్కర్‌తో రాయండి. వాటర్ బాటిళ్లలో పెట్రోల్ ఉంచొద్దు, ప్రమాదం. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, స్టార్ట్ చేసి దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి ప్లగ్‌లో నిప్పు రాకపోతే కాయిల్ చూడండి. సైలెన్సర్ జాలీకి మసి పట్టిందా, క్రాంకు సీలు పోయిందా అన్నది మెకానిక్‌కు వదిలేయండి.

పాతదైనా గీత లేకుండా ఒకటే పొరగా, రంగు మారకుండా, పుల్లటి వాసన లేకుండా ఉన్న పెట్రోల్‌ను పారేయనక్కర్లేదు. ఆయిల్ కలపనిదైతే నిండు ట్యాంకు బైకులో కొంచెం కొంచెంగా పోసి వాడేయండి. విడిపోయినదాన్ని మాత్రం కాలువలోనో బోరుబావి పక్కనో గుమ్మరించకండి, పొయ్యి రాజేయడానికి అసలు వాడకండి. మూత బిగించి మెకానిక్ షాపులో పాత ఆయిల్ పోసే డ్రమ్ము దగ్గర అప్పజెప్పండి, లోపల నీళ్లు కలిశాయని చెప్పి మరీ ఇవ్వండి.