డై మిషన్ కొన్నాక: కుట్టు గదిలో ఎక్కడ పెట్టాలి, ఎలా వాడాలి

మా అవ్వ పాత చీరలతో బొంతలు కుట్టేది. ఆమెకి కొలతంటే జానెడు, బెత్తెడు, అంతే. బొంతకి అది సరిపోతుంది, పొర మీద పొర పరిచి బారుకుట్టు వేసుకుంటూ పోతాం కాబట్టి ముక్క కాస్త అటూ ఇటూ అయినా పట్టింపు లేదు. చదరాలూ త్రికోణాలూ కలిపి డిజైన్‌గా కుట్టే క్విల్ట్‌కి మాత్రం అట్లా కుదరదు. ఒక్కో ముక్కలో వీసం అంగుళం తేడా వస్తే, వరసకి తొమ్మిది ముక్కలు కలిసేసరికి అర అంగుళం దాటిపోతుంది, ఆ వరస పక్క వరసతో చచ్చినా కలవదు. గుడ్డని ఒకే కొలత ముక్కలుగా కోసిపెట్టే డై మిషన్ కొనేది ఈ బాధ తప్పించుకోవడానికే. కానీ కొన్నవాళ్లలో చాలామంది ఆరు నెలలకే "ఇది సరిగ్గా కొయ్యట్లేదు" అని మూలన పెట్టేస్తున్నారు. నేను చూసినంతలో వాడి వాడి పాడైన డైలు తక్కువ, పెట్టిన చోటు బాగోలేక పాడైనవే ఎక్కువ. అందుకే ముందు పెట్టుకోవడం గురించి చెప్తాను, కొయ్యడం తర్వాత.

అసలు డై ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. డై అంటే ఒక పలక. అందులో చతురస్రమో త్రికోణమో ఆకారంలో ఉక్కు బ్లేడు నిలువుగా దిగేసి ఉంటుంది, బ్లేడు మొన బయటికి కనపడకుండా చుట్టూ స్పాంజి అంటించి ఉంటుంది. స్పాంజి మీద గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ మ్యాట్ పెట్టి, మొత్తాన్ని రోలర్ల మధ్యకి తోసి హ్యాండిల్ తిప్పితే, చెరుకురసం బండిలో గడ వెళ్లినట్టు అవతలికి వెళ్తుంది. ఆ ఒత్తిడికి స్పాంజి అణుగుతుంది, బ్లేడు గుడ్డలోకి దిగుతుంది, రోలర్ దాటగానే స్పాంజి మళ్లీ లేచి ముక్కని పైకి నెడుతుంది. అంటే బ్లేడు పదునుగా ఉంటే చాలదు, స్పాంజికి లేచే బలం ఉండాలి, మ్యాట్ చదునుగా ఉండాలి. ఈ రెండూ పాడయ్యేది మన బీరువాల్లోనూ అటకల మీదా.

నా సంగతే చెప్తాను. 2021 నవంబరులో తిరుపతిలో వరదలొచ్చినప్పుడు మా గదిలోకి నీళ్లు రాలేదు కానీ బయటి గోడంతా చెమ్మ పట్టింది. ఆ గోడకి ఆనించిన బీరువాలో, అడుగు అరలో, డైలన్నీ పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన గుడ్డల మూట పెట్టాను. నెల తర్వాత తీసి చూస్తే రెండింటికి బ్లేడు మీద ఎర్రటి తుప్పు మచ్చలు, అడుగున ఉన్నదాని స్పాంజి అప్పడంలా అణిగిపోయింది. తుప్పు పైపైనే ఉంది కాబట్టి పనికిరాని కాటన్ పేలికలు నాలుగైదుసార్లు కోసేసరికి వదిలింది. అణిగిన స్పాంజి మాత్రం ఇప్పటికీ పూర్తిగా లేవలేదు, ఆ డైలో కోసిన ముక్కని ప్రతిసారీ గోటితో లాగాల్సి వస్తోంది. ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను, మన దేశంలో ఒక్కో డై తెప్పించుకోవడం ఎంత ఖర్చో మీకూ తెలుసు కదా.

కాబట్టి డైలని పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. దానికి ప్రత్యేకంగా ర్యాక్ కొనక్కర్లేదు, వంటింట్లో పళ్లేలు నిలబెట్టే స్టీలు స్టాండు చక్కగా సరిపోతుంది, ఒక్కో సందులో ఒక్కో డై. రెండు డైల స్పాంజి వైపులు ఎదురెదురుగా రాకూడదు, ఒకదాని స్పాంజి పక్కదాని వీపు వైపు చూడాలి, మధ్యలో పల్చటి అట్ట ఒకటి పెడితే ఇంకా మంచిది. బిగించి కుక్కొద్దు. పట్టీలు కొయ్యడానికి పొడుగ్గా ఉండే స్ట్రిప్ డైలని కింద అరలో, చిన్నవాటిని కంటికి ఎదురుగా పెట్టుకోండి. ప్రతి డై అంచు మీద తెల్ల స్టిక్కర్ వేసి రెండు కొలతలూ రాయండి: కోసిన కొలత, కుట్టాక మిగిలే కొలత. "చదరం 4½ – 4" అని రాసుంటే, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుందని లెక్కేసుకునే పని ఉండదు. ఒకే కొలత రాసుకుని మూడు నెలల తర్వాత అది ఏ కొలతో గుర్తురాక మళ్లీ స్కేలు పట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను.

ఏ గోడకి? పడమటి గోడ వద్దు, బాత్‌రూమ్‌తో కలిసిన గోడ అసలొద్దు. మా తిరుపతి వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో. ఆ మూడు నెలలూ డైల అరలో సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, వారానికోసారి తలుపు తెరిచి ఫ్యాను గాలి తగలనివ్వండి. బ్లేడుకి కొబ్బరినూనె రాస్తే తుప్పు పట్టదని ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చెయ్యకండి, నూనె స్పాంజిలోకి దిగి తర్వాత కోసే ప్రతి గుడ్డకీ మరక చేస్తుంది. డైని నీళ్లతో కడగడం కూడా వద్దు.

మ్యాట్‌కి శత్రువు వాన కాదు, ఎండ. మే నెలలో తిరుపతి 40 డిగ్రీలు దాటినప్పుడు కిటికీ పక్కన గోడకి ఆనించిన మ్యాట్ సాయంత్రానికి విల్లులా వంగిపోతుంది. కార్లో వదిలేస్తే ఇక చెప్పక్కర్లేదు. మ్యాట్లు ఎప్పుడూ చదునుగా పడుకునే ఉండాలి. మంచం మీద పరుపు కింద చెక్క ఉంటుంది చూడండి, ఆ చెక్కకీ పరుపుకీ మధ్య పెడితే చల్లగా, చదునుగా, ఎవరికీ అడ్డం లేకుండా ఉంటాయి. కాస్త వంగినదాన్ని పారెయ్యొద్దు, తిరగేసి వాడితే రోలర్ ఒత్తిడికే చాలావరకు సర్దుకుంటుంది.

ఇక మిషన్. అటక మీద పెట్టిన మిషన్ వాడబుద్ధి కాదు, ఇది మాత్రం ఖాయంగా చెప్పగలను. బరువైన సామాను పండక్కి దించి పండక్కి ఎక్కించేలా ఉంటే, మళ్లీ కత్తెరే చేతిలోకి వస్తుంది. నడుమెత్తు బల్ల మీద, ఊగని బల్ల మీద, శాశ్వతంగా ఒక చోటివ్వండి. చోటు లేకపోతే అక్యుక్విల్ట్ కంపెనీ వాళ్ల 'గో' లాంటి డై మిషన్లు మడిచి పెట్టుకోవచ్చు, బల్ల కిందే ఉంచి పనప్పుడు పైకి తీసుకోండి. ఎటునుంచి తోస్తారో అటూ, బయటికొచ్చే వైపూ డై పొడవంత ఖాళీ ఉండాలి, లేకపోతే సగం దూరం వెళ్లిన డై గోడకి తగిలి ఆగిపోతుంది. ఇస్త్రీ బల్ల ఒక పక్క, డై మిషన్ మధ్యలో, కుట్టు మిషన్ ఇంకో పక్క ఉంటే పని నీళ్లలా సాగుతుంది. కరెంటుతో నడిచే మిషన్ అమెరికా నుంచి చుట్టాలతో తెప్పించుకునేవాళ్లు దాని వెనక వోల్టేజి చదవండి, అక్కడ 120, మన దగ్గర 230. నా మటుకు నాకు చేత్తో తిప్పేదే ఇష్టం, కరెంటు పోయినా పని ఆగదు.

ఇప్పుడు కొయ్యడం. గుడ్డని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మొదలుపెట్టండి. అన్నిటికంటే ముఖ్యమైన విషయం పడుగు. నేతవాళ్లకి చెప్పక్కర్లేదు, తానులో పొడవునా వెళ్లే నూలు పడుగు, అడ్డంగా వెళ్లేది పేక. పడుగు వైపు గుడ్డ సాగదు, పేక వైపు కొంచెం సాగుతుంది. రోలర్ గుడ్డని లాగుతూ లోపలికి తీసుకెళ్తుంది కాబట్టి రోలర్ దిక్కున పడుగు ఉండేలా పరవాలి. పేకని ఆ దిక్కున పెడితే సాగిన గుడ్డని కోస్తుంది, బయటికొచ్చాక గుడ్డ ముడుచుకుంటుంది, మీ 4½ చదరం ఒక వైపు తగ్గి దీర్ఘచతురస్రం అవుతుంది. "డై కొలత తప్పు" అని కంప్లయింట్ చేసేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. టైలరు దగ్గర తెచ్చుకున్న కత్తిరింపుల్లో అంచు ఉండదు, పడుగు ఎటో తెలియదు, అప్పుడు రెండు చేతులతో పట్టుకుని రెండు దిక్కులా విదిలించి లాగండి. పడుగు దిక్కున టప్‌మని గట్టిగా మోగుతుంది, పేక దిక్కున మెత్తగా వస్తుంది. రెండు రోజులు చేస్తే వేళ్లకే తెలిసిపోతుంది.

గుడ్డ బ్లేడు గీత దాటి అన్ని వైపులా పావు అంగుళం ఉంటే చాలు, అంతకంటే ఎక్కువ పెడితే దండగ. గో మిషన్‌లో మామూలు కాటన్ 6 పొరల దాకా పెట్టొచ్చంటారు. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల కాటన్ అయితే నేను నాలుగే పెడతాను, పొరలు జరగవు, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. జీన్స్ గుడ్డ ఒకటి, మహా అయితే రెండు. బాగా ఉతికి పల్చబడిన పాత చీరలు పొరల్లో జారిపోతాయి, వాటికి పల్చటి గంజి పెట్టి, పూర్తిగా ఆరాక ఇస్త్రీ చేసి కొయ్యండి, అంచులు కాగితంలా వస్తాయి. అయితే గంజి పెట్టిన గుడ్డల్ని దాచొద్దు, బొద్దింకలూ ఎలుకలూ వాటికోసమే వస్తాయి. ఆ వారంలోనే కుట్టేసి ఉతికేయండి.

వెంకటగిరి చీర ముక్కలు వాడేవాళ్లు జరీ అంచుని ముందే కత్తెరతో తీసేయండి, లోహపు పోగు మీద పడితే బ్లేడు మొద్దుబారుతుంది. గుండుసూది, హుక్కు, షాపు ట్యాగ్ పిన్ను, ఏది పొరల్లో ఉన్నా అదే సంగతి, కాబట్టి మ్యాట్ పెట్టేముందు అరచేత్తో ఒకసారి తడమండి. శ్రీకాళహస్తి కలంకారీ ముక్కలు చాలామంది దాచుకుని ఉంటారు. అది కలంతో చేత్తో వేసే బొమ్మ, కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ, కాస్త మందంగా ఉంటుంది, మూడు పొరలకి మించొద్దు. ఇంకో మాట, దేవుడి బొమ్మలున్న భాగాన్ని డై కింద పెట్టడం నాకు మనసొప్పదు. ఆ బొమ్మని అలాగే ఉంచి గోడకి తగిలించే క్విల్ట్ నడిమధ్యలో పెట్టండి, చుట్టూ తీగలూ ఆకులూ ఉన్న అంచు భాగాలని మాత్రం డైలో కొయ్యండి. దుప్పటి మీద కాళ్లు పెడతాం కదా.

తిప్పేటప్పుడు చెంగు నడుముకి దోపుకోండి, చున్నీ తీసి పక్కన పెట్టండి, జడ వెనక్కి ముడేసుకోండి, రోలర్‌కి అవేవీ తెలియవు. పిల్లలుంటే పనయ్యాక హ్యాండిల్ ఊడదీసో మడిచో పెట్టండి. హ్యాండిల్ మధ్యలో ఆపి వెనక్కి తిప్పకుండా ఒకే ఊపులో అవతలికి పంపండి. మ్యాట్‌ని ఒక్కోసారి ఒక్కో వైపుకి తిప్పండి, తలకిందులు చెయ్యండి. ఎప్పుడూ ఒకే చోట బ్లేడు పడితే అక్కడ గాడి పడి, ఆ గాడిలోకి గుడ్డ తెగకుండా దూరిపోతుంది. ఒక కంపెనీ డైకి ఇంకో కంపెనీ మ్యాట్ పెట్టి ప్రయోగాలొద్దు, మందం తేడా వస్తే ఒత్తిడి మారిపోతుంది. సిజిక్స్ లాంటి కంపెనీల మిషన్లలో డై కింద కూడా మ్యాట్ పెట్టాల్సి వస్తుంది, ఏ మిషన్‌కి ఏ వరసో దాని కాగితంలో ఉన్నట్టే పెట్టండి.

ఒక చోట తెగకుండా నూలు వేలాడుతోందా? పొరలు ఒకటి తగ్గించండి. మ్యాట్ తిప్పి చూడండి. తర్వాత బ్లేడు పక్కన స్పాంజి సందులో ఇరుక్కున్న పోగుల్ని మొద్దు సూదితోనో ట్వీజరుతోనో తీయండి, స్పాంజి మీద దుమ్ముని జిగురు రోలర్‌తో లాగెయ్యండి. మ్యాట్ మీద పీచుని అంట్లు తోమే ప్లాస్టిక్ పీచుతో రుద్దితే పోతుంది. ఇవన్నీ చేసినా మ్యాట్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ అదే మూల తెగకపోతే బ్లేడే వంగిందని అర్థం, బలవంతంగా తిప్పకండి.

గుడ్డ లెక్క ఒకటి చెప్తాను, నాకు ఇదెంతో పనికొచ్చింది. ఒంటి మంచానికి 36 × 72 అంగుళాల పై పొర కావాలి, చదరం కుట్టాక 4 అంగుళాలు. వరసకి 9, అలాంటివి 18 వరసలు, మొత్తం 162 చదరాలు. చదరానికి 5 అంగుళాల గుడ్డ పోతుందనుకుంటే 44 అంగుళాల పన్నాలో వరసకి 8 వస్తాయి, అంటే 21 వరసలు, 105 అంగుళాలు, రెండుముప్పావు మీటర్లు తీసుకుంటే సరిపోతుంది. నాలుగు పొరల చొప్పున ఒక చదరం ఉన్న డైలో అయితే 41 సార్లు తిప్పాలి. ఇస్త్రీ అయిపోయి ఉంటే ఒక మధ్యాహ్నం పని.

అయితే 162 ఒకేసారి కోసెయ్యకండి. ముందు నాలుగు కోసి, నాలుగూ వరసకి రెండు చొప్పున రెండు వరసలుగా కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి స్కేలు పెట్టండి. బయటి అంచు నుంచి అంచుకి 8½ అంగుళాలు రావాలి. తక్కువొస్తే మీ కుట్టు పావు అంగుళం కంటే లోపలికి పడుతోంది, ఎక్కువొస్తే అంచుకి దగ్గరగా పడుతోంది. అది డైతో సరిచేసేది కాదు, కుట్టు మిషన్ పాదం దగ్గర టేపు అంటించుకుని సరిచేసుకోవాలి. సరిగ్గా 8½ వచ్చాక మిగతావి కోసి, రంగుల వారీగా స్వీట్ల అట్టపెట్టెల్లో పరచండి. చేత్తో మాటిమాటికీ కెలికితే ఏటవాలు అంచులు సాగిపోతాయి, ముఖ్యంగా త్రికోణాలవి. పెట్టె మూత మీద ఎన్ని ముక్కలున్నాయో, ఏ డైతో కోశారో రాసి పెట్టండి, నాలుగు తక్కువ పడినప్పుడు అదే డై మళ్లీ తియ్యాలి కదా.