అవధానం, నిగ్రహం, పొరపాటు – మూడవ పాఠం: తప్పు దొర్లిన మరుక్షణం

గత పాఠంలో ‘నీలం’ అనే మాటను ఎర్ర సిరాతో రాసి, మాటను చదవకుండా రంగు పేరు మాత్రమే చెప్పే అభ్యాసం చేశాం. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించిన ఆ పరీక్షలో, చదివే అలవాటు నోటిని ఎంత బలంగా లాగుతుందో మీకే తెలిసి ఉంటుంది. ఈసారి, ఆ లాగుడుకు లొంగి తప్పు చేసిన తరువాత ఏమి జరుగుతుందో చూద్దాం.

ఒక దినపత్రిక, పెన్సిలు, వీడియో తీయగల ఫోను ఉంటే చాలు. పెన్సిలు మొన స్పష్టంగా కనిపించేలా ఫోనును నిలబెట్టి, ఒక పొడవైన వార్తలో ‘ల’ గుణింతపు అక్షరం కనబడిన ప్రతిచోటా దాని కింద గీత గీస్తూ, వీలైనంత వేగంగా వెళ్లండి. ఒకటే నిషేధం: ఆ అక్షరానికి ఒత్తు ఉంటే గీత గీయకూడదు. అంటే ‘నెలలు’లో రెండు గీతలు పడాలి, ‘జిల్లా’లో ఒక్కటీ పడకూడదు, ‘పిల్లలు’ అన్న మాటలో చివరి అక్షరానికే గీత. ఒత్తు లేని ‘ల’ వార్తల్లో కోకొల్లలు కాబట్టి చేయి గీతకు అలవాటు పడిపోతుంది. ఆ అలవాటే ‘జిల్లా’ దగ్గర మిమ్మల్ని బోల్తా కొట్టిస్తుంది. అవధానంలో నిషిద్ధాక్షరి చూసినవారికి ఈ ఇబ్బంది కొత్తది కాదు. నోటి చివరి దాకా వచ్చిన అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధించగానే అవధాని దాన్ని మింగి, అర్థమూ ఛందస్సూ చెడకుండా మరొకటి వెతుక్కోవాలి. మన పని అందులో వెయ్యో వంతు కూడా కాదు.

తప్పు గీత పడగానే లోపల ‘అయ్యో’ అన్నట్టు అనిపిస్తుంది. అయితే మెదడు అంతకంటే ముందే స్పందిస్తుంది. తప్పు చేసిన సుమారు 100 మిల్లీసెకన్లలోపే తల ముందు, మధ్య భాగాల మీద ఒక రుణ విద్యుత్ తరంగం ఈఈజీలో (తల మీద అతికించిన ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ చర్యను నమోదు చేసే పరీక్షలో) నమోదవుతుందని 1990ల ఆరంభంలో జర్మనీలోనూ అమెరికాలోనూ పరిశోధకులు వేర్వేరుగా గుర్తించారు. దాని పుట్టుక ప్రధానంగా యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్‌లో, అంటే రెండు అర్ధగోళాలు ఎదురెదురుగా ఉండే లోపలి తలంలో, ముందు భాగాన ఉన్న పట్టీలో అని భావిస్తారు. ‘తప్పు చేశాను’ అన్న ఎరుకతో ముడిపడిన రెండవ తరంగం ఆ తరువాత, 200 నుంచి 400 మిల్లీసెకన్ల మధ్య వస్తుంది.

ఇప్పుడు వీడియోను నెమ్మదిగా నడిపి, తప్పు గీత తరువాతి రెండు మూడు గీతల మధ్య వ్యవధిని మిగతా గీతల వ్యవధితో పోల్చండి. చాలామందికి చేయి మందగించినట్టు కనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ప్యాట్రిక్ రాబిట్ 1966లోనే దీన్ని గమనించాడు. ఈ మందగింపు జాగ్రత్తే అని భావించడం తేలికే కానీ, నేను అంత తొందరపడను: అరుదుగా జరిగేది ఏదైనా మనను కాసేపు ఉలిక్కిపడేలా చేస్తుంది, తప్పు కూడా అరుదైనదే. అందుకే నెమ్మదించిన తరువాతి గీతలు నిజంగా సరైనవేనా అన్నది విడిగా లెక్కించండి.

నోటుపుస్తకంలో తప్పులను మూడు వరుసల్లో రాయండి: గీసిన వెంటనే తెలిసినవి, చివర్లో సరిచూసినప్పుడే బయటపడినవి, పెన్సిలు కాగితాన్ని తాకబోయి ఆగిపోయినవి. మూడవ వరుసను వీడియో చూసి మాత్రమే నింపగలరు. దాన్ని భద్రంగా ఉంచండి. మొదలైన కదలికను మధ్యలో ఆపడం గురించి చెప్పే నాలుగవ పాఠం దానితోనే మొదలవుతుంది. ప్రతిరోజూ కొత్త వార్తనే తీసుకోండి, పాతది కంఠస్థమైపోతే లెక్క చెడుతుంది.