బీరువాలోని పుస్తకాలను బడి గ్రంథాలయంగా మార్చుకునే విధానం

ప్రతి పాఠశాలలోనూ వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు గల గ్రంథాలయం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులోనే నిర్దేశించింది. అయినా మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చాలాచోట్ల గ్రంథాలయమంటే ప్రధానోపాధ్యాయుల గదిలో తాళం వేసి ఉన్న ఇనుప బీరువాలే. పుస్తకం పోతే ఆ సొమ్ము తన చేతి నుంచి కట్టవలసి వస్తుందేమోనన్న బాధ్యుడైన ఉపాధ్యాయుని భయమే ఆ తాళానికి అసలు కారణం. కనుక పుస్తకం పిల్లల చేతికి వెళ్లడమూ, అది తిరిగి రాకపోతే లెక్క చెప్పడమూ రెండూ తేలికయ్యేలా మొత్తం ఏర్పాటు ఉండాలి.

మొదట పుస్తకాలన్నీ బయటికి తీసి, నీడపట్టున గాలికి ఆరబెట్టి, చెదపట్టినవాటిని వేరుచేయాలి. పాత సిలబస్ పాఠ్యపుస్తకాలు, గైడ్లు ఊరికే చోటు ఆక్రమిస్తుంటాయి. వాటిని మొహమాటం లేకుండా తీసివేయవలసిందే. అయితే పుస్తకాల నమోదు రిజిస్టరులో వాటి వరుసలను కొట్టివేయకూడదు. తొలగించేవాటి జాబితా రాసి, ప్రధానోపాధ్యాయుల ఆమోదం తీసుకుని, ఆ తేదీని రిమార్కుల గడిలో వేయాలి.

తరువాతి పని యాక్సెషన్ రిజిస్టరు, అంటే బడిలోని ప్రతి పుస్తకాన్నీ ఒక నంబరుతో నమోదు చేసే రిజిస్టరు. ఒకే పుస్తకం మూడు ప్రతులుంటే మూడు వరుసలు, మూడు నంబర్లు వేయాలి. పుస్తకం పోయినా ఆ నంబరు మరొకదానికి ఇవ్వరాదు. బడి ముద్రను లోపలి పేరు పుటపైనా, అన్ని పుస్తకాలకూ ఒకేలా ఎంచుకున్న మరో పుటపైనా, ఉదాహరణకు 25వ పుటపైన, వేసి అక్కడ కూడా నంబరు రాయాలి. అట్ట ఊడి, మొదటి కాగితాలు చిరిగి వచ్చిన పుస్తకాన్ని ఆ రెండో ముద్రే గుర్తుపట్టిస్తుంది.

వర్గీకరణకు, ఒక్కో విషయానికి ఒక్కో అంకె ఇచ్చే దశాంశ పద్ధతినే, అంటే అమెరికా గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించినదాన్నే, ఎక్కువ గ్రంథాలయాలు వాడతాయి. కానీ అందులో తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికి వస్తుంది. సగానికి పైగా కథలే ఉన్న బడిలో ఆ అంకె అన్నిటికీ ఒకటే అయి, వెతికే పిల్లవాడికి ఏమీ చెప్పదు. అందువల్ల సమాచార గ్రంథాలకు మాత్రం డ్యూయీ మొదటి మూడంకెలు వేసి (నక్షత్రాలకు 523, పక్షులకు 598, వ్యవసాయానికి 630, క్రీడలకు 796), కథలను చదివే స్థాయిని బట్టి రంగు టేపులతో విడదీయడం మేలు. ఒక పుటకు ఒకటి రెండు వాక్యాలున్నవాటికి ఒక రంగు, చిన్న పేరాలున్నవాటికి మరొకటి, అధ్యాయాలున్నవాటికి ఇంకొకటి చాలు. ఆ రంగులను ఆరో తరగతి, ఏడో తరగతి అని మాత్రం పిలవకూడదు. తొమ్మిదిలో ఉండి కూడా కూడబలుక్కుని చదివే పిల్లలుంటారు. అందరి ముందూ ఆరో తరగతి అరలో చేయి పెట్టమంటే వారు అసలు గదిలోకే రారు.

ఒక్కో రంగులో మళ్లీ రచయిత పేరును బట్టి వరుస పెట్టాలి. తెలుగు రచయితలకు ఇంటిపేరు ముందే వస్తుంది కనుక పేరును తిరగేసే పనిలేదు. కొడవటిగంటి కుటుంబరావు ‘కొ’ దగ్గరే ఉంటారు. ‘క్ష’తో మొదలయ్యే పేర్లను ‘క’ కింద పెట్టాలా, ‘హ’ తరువాత పెట్టాలా అన్నది ఒక్కసారి నిర్ణయించుకుని, సర్దే పిల్లలకు తెలిసేలా గోడపై రాసి ఉంచాలి. అరలు ఆరో తరగతి పిల్లల చేతికి అందే ఎత్తు దాటరాదు. పలచని బొమ్మల పుస్తకాలు అరలో నిలబడవు కనుక వాటిని గోడ వెంట కట్టిన తాడుకు వేలాడదీయవచ్చు.

ఇవ్వడానికి పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు. ప్రతి పుస్తకం వెనుక అట్టకు కాగితపు జేబు అంటించి, అందులో నంబరు, పేరు రాసిన కార్డు పెట్టాలి. పుస్తకం తీసుకున్న విద్యార్థి ఆ కార్డుపై తన పేరు, తేదీ రాసి తన తరగతి పెట్టెలో వేస్తాడు. తిరిగి ఇచ్చినప్పుడు కార్డు మళ్లీ జేబులోకి చేరుతుంది. పెట్టెలో మిగిలిన కార్డులే బకాయిల జాబితా. ఈ పనిని ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులకు అప్పగించవచ్చు. ఇ-గ్రంథాలయ, కోహా వంటి గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్లు మంచివే గానీ, రిజిస్టరు సరిగా లేని బడిలో అవి తప్పులను కంప్యూటరులోకి ఎక్కించడానికే పనికివస్తాయి.

ఇక పోయిన పుస్తకాల సంగతి. పాఠకులకు ఏడాదిలో ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడాన్ని, మోసమో నిర్లక్ష్యమో లేనంతవరకు, కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు (2017) సహజ నష్టంగానే చూస్తాయి. వెయ్యి రూపాయలు మించినవి, అరుదైనవి పోతే మాత్రం విచారణ తప్పదు. ఆ నష్టాన్ని లెక్కగట్టేది ఉన్న పుస్తకాలపై కాదు, ఇచ్చిన పుస్తకాలపై అన్నది గమనించదగినది. రాష్ట్ర పాఠశాలలు దీనికి నేరుగా లోబడకపోయినా, ఇదే కొలతను చూపి ఏడాది మొదట్లోనే ప్రధానోపాధ్యాయులతో రాతపూర్వక తీర్మానం చేయించుకుంటే ఉపాధ్యాయునికి ధైర్యం ఉంటుంది.

సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద బడి స్థాయిని బట్టి 5,000 నుంచి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ గ్రాంటు ఉంటుంది. ఆ సొమ్ముతో ఏం కొనాలో తేల్చడానికి ఒక నోటుపుస్తకాన్ని గదిలో వేలాడదీసి, పిల్లలు అడిగి దొరకనివాటిని అందులో రాయించాలి. వేసవి సెలవుల ముందు పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని తాళం వేయడం ఆనవాయితీగా ఉంది గానీ, పదో తరగతి వారి నుంచి మాత్రం తీసుకుని, తక్కినవారికి సెలవులకు రెండేసి పుస్తకాలు ఇచ్చి, వార్షిక తనిఖీని జూన్‌లో బడి తెరిచాక పెట్టుకోవడమే సరైన పని.