క్రౌన్ పినియన్ మార్చాక కూత వస్తోందా? మళ్ళీ విప్పే ముందు చూడాల్సినవి

అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు లోడుతో బండి లాగడం లేదని రేషియో మార్చి, బయట కంపెనీ క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్‌లో చక్రాలను తిప్పే పెద్ద, చిన్న పళ్ళ గేర్ల జత) వేయించారు. పెందుర్తి దాటేసరికి ఆ గేర్లుండే వెనక హౌసింగ్‌లోంచి సన్నటి కూత. ‘ఒరిజినల్ కాదు కదండీ, ఇంతే’ అంటాడు మెకానిక్. పళ్ళు సరిగా కోయని సెట్లు లేకపోలేదు. అయినా ఎక్కువసార్లు తప్పు బిగింపులోనే ఉంటుంది.

కొత్త సెట్టు డబ్బా విప్పగానే పళ్ళు లెక్కపెట్టండి. పెద్ద గేరు క్రౌన్‌కి 41, చిన్నది పినియన్‌కి 10 ఉంటే 41ని 10తో భాగించి 4.10 రేషియో. రెండింటి మీదా చెక్కిన జత నంబరు ఒకటే ఉండాలి. వేరే సెట్టులోది కలిపితే ఎంత సర్దినా కూత పోదు. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు, వెనక ఒకే రేషియో తప్పనిసరి. కొన్ని హౌసింగ్‌లలో రేషియో బాగా మారితే క్రౌన్‌ని బిగించే క్యారియర్ కూడా మారాలి. లేకపోతే క్రౌన్ పినియన్‌కి అందదు, షిమ్ములు (సందు సర్దే పల్చటి రేకులు) పేర్చి లాభం లేదు. మన విశాఖ సముద్రపు గాలికి తుడిచి పెట్టిన గేరు రాత్రికి రాత్రే తుప్పు పట్టొచ్చు, నూనె రాసి గుడ్డ చుట్టి ఉంచండి.

క్యారియర్ మీద క్రౌన్ కూర్చునే అంచు, అంటే ఫ్లాంజి మీద చిన్న గరుకు ఉన్నా ఆకురాయితో తీసేయండి. తర్వాత డయల్ గేజ్‌ని క్రౌన్ పంటికి పెట్టి, పినియన్ కదలకుండా పట్టుకుని బ్యాక్‌లాష్, అంటే రెండు గేర్ల పళ్ళ మధ్య ఆట, చూడండి. చాలా చిన్న బండ్లకు 0.13 నుంచి 0.20 మి.మీ. ఉంటుంది, మీ బండి మాన్యువల్ అంకెదే చివరి మాట. నాలుగు చోట్ల చూసినప్పుడు 0.05 మించి తేడా వస్తే క్రౌన్ వంకరగా కూర్చున్నట్టే. క్యారియర్‌కి ఒక పక్క షిమ్ము 0.25 మి.మీ. తీసి రెండో పక్క వేస్తే బ్యాక్‌లాష్ సుమారు 0.18 మారుతుంది.

అసలు సంగతి చెప్పేది మార్కింగ్, అంటే పళ్ళు ఎక్కడ తగులుతున్నాయో చూపే రంగు ముద్ర. మూడు నాలుగు పళ్ళకు రంగు పల్చగా రాసి, క్రౌన్‌ని చెక్కతో ఒత్తి పట్టి కాస్త బరువు మీద పినియన్ తిప్పండి. ముద్ర పంటి మొదట్లో, లోతుగా పడితే పినియన్ క్రౌన్‌కి మరీ దగ్గరైంది, పినియన్ షిమ్ము తగ్గించాలి. పంటి కొసన పడితే దూరమైంది, పెంచాలి. పినియన్‌ని విడి బ్రాకెట్‌లో బిగించే హౌసింగ్‌లలో మాత్రం ఇది తిరగబడుతుంది. ఒక్కోసారి 0.05 నుంచి 0.10 మి.మీ. మాత్రమే మార్చండి. పినియన్ కదిలిస్తే బ్యాక్‌లాష్ కూడా మారుతుంది, అది మళ్ళీ సర్దాకే కొత్త ముద్ర తీయాలి. ఇక్కడ తొందరపడేవాళ్ళే రెండు రోజులు తిరిగి తిరిగి విప్పుతారు. ప్రతిసారీ ప్రెస్ మీద బేరింగ్ ఊడదీయకుండా, పాత బేరింగ్ లోపలి బోరు కాస్త పెద్దది చేయించి సర్దుడుకు వాడుకోండి. ఆటోనగర్‌లో చేసిస్తారు. చివర్లో కొత్త బేరింగే వేయాలి సుమా.

నలిగే స్పేసర్ (నట్టు బిగించేకొద్దీ నలిగి రెండు పినియన్ బేరింగ్‌ల మధ్య దూరం సర్దే గొట్టం) ఉన్న పినియన్ నట్టుతో జాగ్రత్త. క్యారియర్ పెట్టక ముందే కొంచెం బిగించి, పినియన్ తిరుగుతుండగా ఎంత బిగువుందో ముల్లున్న చిన్న టార్క్ రెంచితో చూడాలి. టక్కుమనే రెంచి దీనికి పనికిరాదు. కొత్త బేరింగ్‌లకు చాలా బండ్లలో 2 నుంచి 3 న్యూటన్ మీటర్ల మధ్య, పాతవాటికి దాదాపు సగం. బిగువు దాటిపోతే నట్టు వెనక్కి వదిలి సరిపెట్టకండి. నలిగిన స్పేసర్ మళ్ళీ సాగదు, పినియన్ ఆడటం మొదలై బేరింగ్ పోతుంది. కొత్త స్పేసరే వేయాలి.

యాక్సిలరేటర్ వదిలినప్పుడే అరుపు వస్తే ముందు పినియన్ బిగువు చూడండి. గేరు వేయగానే ‘టక్’మంటే బ్యాక్‌లాష్, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాసులు చూడండి. ఎప్పుడూ గరగరమంటే బేరింగ్. సీలు దగ్గర నూనె కారుతుంటే సీలు మార్చే ముందు హౌసింగ్ మీద గాలి పోయే రంధ్రం (బ్రీదర్) మట్టితో మూసుకుపోయిందేమో చూడండి.

మొదటి రోజు 20 కి.మీ. మెల్లగా నడిపి అరగంట చల్లారనివ్వండి. ఇలా మూడు నాలుగుసార్లు. 800 కి.మీ. వరకు లోడూ ఘాటూ వద్దు. ఆ తర్వాత మాన్యువల్ చెప్పిన గ్రేడులో జీఎల్-5 గేర్ ఆయిల్ మార్చి, డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం తుడవండి. బూడిదరంగు మెత్తటి పొడి మామూలే. వేలికి గుచ్చుకునే పెళ్ళ తగిలితే బండి కదపకుండా కవరు విప్పండి.